పాఠశాల వ్యయము: దానమా, ఋణమా?

1912 ఫిబ్రవరిలో, సువర్ణరేఖా ఖర్కాయీ నదులు కలియు చోటికి చేరువనున్న సాక్చి అను పల్లెలో, టాటా కర్మాగారము తన మొదటి ఉక్కు దిమ్మెను పోత పోసినది. మరుసటి నెలలోనే ఇంపీరియల్ శాసన మండలి గోపాలకృష్ణ గోఖలే ప్రవేశపెట్టిన ప్రాథమిక విద్యా బిల్లును త్రోసిపుచ్చినది. బిల్లుకు అనుకూలముగ వచ్చిన వోట్లు 13. ప్రతికూలముగ వచ్చినవి 38. ఈ రెండు సంఘటనలకును కార్యకారణ సంబంధమేదియు లేదు. చరిత్రకారులు వాటిని వేర్వేరు అధ్యాయములలో చెప్పుదురు. కాని బడి ఖర్చు ఎవరు భరింపవలెనని ఆలోచించువారు వాటిని ప్రక్కప్రక్కన ఉంచి చూచుట మంచిది. ఇనుపరాతిని కరగించి పట్టాలు చేయగల శక్తి ఈ దేశమునకు కలదని ఒక నెలలో తేలినది. ఆ దేశపు పిల్లలకు అక్షరములు నేర్పు శక్తి మాత్రము దాని బొక్కసమునకు లేదని మరుసటి నెలలో పాలకులు తీర్పు చెప్పిరి.

గోఖలే కోరినది ఎంతో కాదు. పిల్లలలో కొంత భాగమైనను అప్పటికే బడికి పోవుచున్న ప్రాంతములలో, స్థానిక సంస్థలు తమంతట తాము ఇష్టపడినచో, నిర్బంధ విద్యను అమలు జరుపుకొనుటకు అనుమతి ఇమ్మనియే ఆయన అడిగినది. వ్యయములో రెండు పాళ్లు ప్రభుత్వమును, ఒక పాలు స్థానిక సంస్థయు భరింపవలెనని సూచించినాడు. ప్రజలలో అట్టి కోరిక లేదనియు, స్థానిక సంస్థలు కొత్త పన్ను వేయుటకు జంకుననియు సర్కారు పక్షము వాదించినది. ఒక్క సంగతి గమనింపదగినది. సార్వజనిక విద్యను గూర్చిన ఆ తొలి చర్చలోనే బిడ్డ వెనుకకు పోయి, పాళ్ల లెక్క ముందుకు వచ్చినది. నూరేండ్లకు పైబడి గడచినను ఆ వరుస మారలేదు. రెండుకు ఒకటి అన్న నిష్పత్తి పోయి 85కు 15, 65కు 35, 60కి 40 వచ్చినవి. అంతియే.

సాక్చి కథ ఇక్కడ కొంత వివరముగ చెప్పుట అవసరము. ఉక్కు పోత పోసిన నాటికి ఆ పల్లె బెంగాలులోనిది. అదే సంవత్సరము ఏప్రిల్ నుండి అది కొత్తగా ఏర్పడిన బీహారు-ఒరిస్సా రాష్ట్రములోనికి పోయినది. 1919 జనవరిలో వైస్రాయి చెమ్స్‌ఫర్డు దానికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టినాడు. సాక్చి అన్నది ఆ నగరములో ఒక పేటకు, ఒక పెద్ద బజారుకు పేరుగ మిగిలినది. 1936లో ఒరిస్సా విడిపోగా ఊరు బీహారులో నిలిచినది. 2000 నవంబరు 15న ఝార్ఖండ్ ఏర్పడగా అందులో చేరినది. ఒకే సందులో మూడు తరములు కాపురమున్న కుటుంబమును ఊహించినచో, తాత ఒక రాష్ట్రపు బడిలోను, తండ్రి మరొక రాష్ట్రపు బడిలోను, మనుమడు ఇంకొక రాష్ట్రపు బడిలోను చదివినట్లు. ఇల్లు కదలలేదు, సరిహద్దులు కదలినవి. విద్య మా రాష్ట్రపు అనాది హక్కు అని ఏ రాష్ట్రమైనను బిగ్గరగా పలుకునప్పుడు ఈ సందును జ్ఞాపకము చేసికొనుట మంచిది. ఢిల్లీ అంతకంటె పాతదని అనుకొనుటకును వీలులేదు. బ్రిటిషు ఇండియా రాజధానిని కలకత్తా నుండి ఢిల్లీకి మార్తుమని చక్రవర్తి ప్రకటించినది సాక్చిలో ఉక్కు పోయుటకు రెండు నెలల ముందే.

ఈ రెండు ప్రభుత్వములకును ముందే సాక్చికి మూడవ పోషకుడు ఒకడు ఉండెను. వీధులు, నీటి గొట్టములు, ఆసుపత్రి, పాఠశాల, అన్నియు కంపెనీయే ఏర్పరచినది. ఆనాటి భారతదేశములో అంత శ్రద్ధగా కార్మికుల బాగోగులు చూచిన యాజమాన్యములు బహు కొద్ది. దానిని కాదనుట కృతఘ్నత. అయినను కంపెనీ బడికిని సర్కారు బడికిని ఒక భేదమున్నది. కంపెనీ బడి ఎంత మంచిదైనను అది ఔదార్యము. లాభము సన్నగిల్లిన ఏట దానిని మూసినచో, మూయరాదని నిలదీయు అధికారము తండ్రికి లేదు. కర్మాగారపు హాజరుపట్టీలో పేరు లేని బండివాని బిడ్డకు అందులో స్థానము ఇమ్మని అడుగుటకు ఆధారము లేదు. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట దశాబ్దముల తరబడి ఈ నగరము ఎన్నికైన పురపాలక సంఘము లేకయే నడచినది. కనుక మంచి దాత ఉండుటకును, అడుగు హక్కు ఉండుటకును గల వ్యత్యాసమును ఈ ఊరివారికి ఒకరు బోధింపనక్కరలేదు.

మాటలను కొంచెము పరిశీలింపవలెను. కేంద్రము రాష్ట్రములకు పంపు సొమ్మును ఆంగ్లములో గ్రాంటు అందురు. హిందీలో అనుదానము అందురు. మాట సంస్కృతమైనది గనుక తెలుగువానికిని సులభముగ అర్థమగును. కాని అర్థమైన కొలదియు ఇబ్బందియు కలుగును. అందులో దానమున్నది. దానమున్నచోట దాత ఉండును, చేయి చాచువాడు ఉండును, దాత ముఖముపై ప్రసన్నత ఉండును, ఆ ప్రసన్నత తొలగినప్పుడు చేయి ముడుచుకొనుటయు ఉండును. ఇప్పటి పథకము పేరు మరింత విచిత్రమైనది. 2018 నుండి అమలులో ఉన్న కేంద్ర పథకమునకు ‘సమగ్ర శిక్షా’ అని పేరు. హిందీలో శిక్ష అనగా విద్య. తెలుగు చెవికి మాత్రము అది సంపూర్ణమైన దండన వలె వినిపించును. ఉత్తర కోస్తా జిల్లాల నుండి కూలికి వచ్చి జంషెడ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబములకు రెండు భాషలును ఇంటివే గనుక, ఈ శ్లేష వారి పిల్లలకు ఎవరును చెప్పకయే తెలియును. నిధులు ఆగిపోయిన సంవత్సరములలో అది శ్లేషగా కూడ మిగులదు.

రాజ్యాంగపు చరిత్రను క్లుప్తముగ చెప్పుకొనవచ్చును. 1919 చట్టము విద్యను రాష్ట్ర మంత్రులకు అప్పగించినది. 1935 చట్టము దానిని అక్కడనే ఉంచినది. 1950లో రాజ్యాంగము దానిని రాష్ట్ర జాబితాలో చేర్చి, పదునాలుగేండ్ల లోపు పిల్లలందరికిని పదేండ్లలో ఉచిత నిర్బంధ విద్య అందించుటకు ప్రయత్నింపవలెనని ఆదేశించినది. ఆ పదేండ్లు 1960లో ముగిసినవి. 1976లో, అత్యవసర పరిస్థితి కాలమున, 42వ సవరణ విద్యను ఉమ్మడి జాబితాలోనికి మార్చినది. 1993లో ఉన్నికృష్ణన్ వ్యాజ్యములో (అది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వముపై నడచినదే) సుప్రీంకోర్టు పదునాలుగేండ్ల వరకు విద్య ప్రాథమిక హక్కు అన్నది. 2002 నాటి 86వ సవరణ ఆ మాటను రాజ్యాంగములో వ్రాసినది. 2009 నాటి విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1 నుండి దానిని అమలులో పెట్టినది. ఆ చట్టపు ఏడవ సెక్షను వ్యయభారము రెండు ప్రభుత్వములకును ఉమ్మడి అని చెప్పి, కేంద్రమిచ్చు సొమ్మును, తన ఇతర వనరులను గణించుకొని నిధులు సమకూర్చు బాధ్యత రాష్ట్రముదే అని ముగించినది. చట్టము వ్రాసినవారు ఇరుపక్షములకును తప్పించుకొను దారి ఉంచరాదని తలచిరి కాబోలు. ఆచరణలో ఒక్కొక్కరికి ఒక్కొక్క ద్వారము దొరికినది.

కేంద్రము ఎందులకు ఇవ్వవలెను? పేద రాష్ట్రపు బిడ్డకును ధనిక రాష్ట్రపు బిడ్డకును సమానమైన బడి ఉండవలెనన్నచో దేశపు ఉమ్మడి ధనము కలుగజేసికొనక తప్పదన్నది సాధారణముగ చెప్పు సమాధానము. అది సత్యమే. అమెరికాలో బడి ఖర్చులో ఫెడరల్ ప్రభుత్వపు వంతు ఇంచుమించు పదింట ఒక పాలు మాత్రమే. మిగిలినది రాష్ట్రములును, ఆస్తిపన్ను వసూలు చేసికొను స్థానిక జిల్లాలును భరించును. ఇండ్లు ఖరీదైన చోట బడి గొప్పది, ఇండ్లు చౌకైన చోట బడి బక్కది. 1973లో టెక్సాసు రాష్ట్రమునుండి వచ్చిన వ్యాజ్యములో ఆ దేశపు సుప్రీంకోర్టు, అయిదుగురికి నలుగురు న్యాయమూర్తుల తేడాతో, ఈ అసమానత తమ రాజ్యాంగమునకు విరుద్ధము కాదని తీర్పు చెప్పినది. స్థానికాభిమానము ఎంత మధురమైన మాటయైనను, పేదవాని బిడ్డకు అది ఏమి మిగుల్చునో అక్కడ చూడవచ్చును.

సాక్చి విషయములో ఈ సమాధానము చాలదు. సాక్చి అడుగుచున్నది సమానత్వము మాత్రమే కాదు, లెక్క. 1950 దశకమున కేంద్రము రవాణా ఛార్జీల సమీకరణ విధానమును ప్రవేశపెట్టినది. ఉక్కు దేశములో ఏ మూలనైనను ఒకే ధరకు దొరకవలెనని రైలు కిరాయి భేదమును సర్దుబాటు చేసినది. కర్మాగారము ప్రక్కన పరిశ్రమ పెట్టువానికి సహజముగ దక్కవలసిన లాభము అందువలన మాయమైనది. సముద్రతీరపు నగరములు ఎదిగినవి. గనులున్న బీహారు, ఒరిస్సాలు వెనుకబడినవి. 1990 దశకపు తొలి సంవత్సరములలో ఆ విధానము తొలగునప్పటికి ఒక తరము కంటె ఎక్కువ కాలము గడచిపోయినది. ఆ విధానము దేశహితమునకై చేసినదే అనుకొందురు గాక. దేశహితమునకై ఒక ప్రాంతము తన భాగ్యమును వదలుకొన్నప్పుడు, ఆ ప్రాంతపు బడికి దేశపు బొక్కసము పంపు సొమ్మును దానమనుట ఎట్లు? ఖనిజములపై పన్ను వేయు అధికారము రాష్ట్రములకు కలదని సుప్రీంకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము 2024 జూలైలో ఎనిమిది మంది ఆధిక్యముతో తేల్చినది. ఆ వ్యాజ్యములలో ప్రధానమైనది ఝార్ఖండ్‌లోని ధన్‌బాద్ ఖనిజప్రాంతాభివృద్ధి సంస్థది. నేల క్రింది ధనమును గూర్చి కోర్టు మాట్లాడినది. నేల మీది పిల్లలను గూర్చిన లెక్క ఇంకను ఎవరును తీయలేదు.

మరియొక లెక్కయు కలదు. 2004లో కేంద్రము ప్రాథమిక విద్య పేరిట ఆదాయపు పన్ను మీదను, ఇతర పన్నుల మీదను 2 శాతము సెస్సు విధించినది. సెస్సు రాష్ట్రములకు పంచవలసిన పన్నుల రాశిలో చేరదు. ఎన్నాళ్లుగనో బడి పేరు చెప్పి కట్టించుకొన్న ఆ సొమ్మును, ఆ బడికే పంపునప్పుడు షరతులు వ్రాయు చేయి ఏ అధికారముతో వ్రాయును?

ఇంతమాత్రముచేత రాష్ట్రముల పక్షమంతయు ధర్మపక్షమని తీర్మానింపరాదు. బడి ఖర్చులో ఇంచుమించు నాలుగింట మూడు వంతులు రాష్ట్రములే భరించుచున్నవి గనుక విద్యను నడపు అధికారమును తమదే అని అవి అనుట సహేతుకము. పిల్లవాని భాష, వాన కాలము, పంట సెలవులు, దారి మధ్యలోని వాగు ఢిల్లీలోని గుమాస్తాకు తెలియవు. కాని షరతులు లేని రాష్ట్రములు ఏమి చేసినవో కూడ తెలిసినదే. వండిన మధ్యాహ్న భోజనమును మద్రాసు రాష్ట్రము 1950 దశకముననే కామరాజు హయాములో విస్తరించినది, నిజమే. తక్కిన పెక్కు రాష్ట్రములు 2001 నవంబరులో సుప్రీంకోర్టు ఆజ్ఞాపించు వరకు గింజలు పంచియో, పంచకయో కాలము గడపినవి. 1957లో అమెరికాలోని లిటిల్ రాక్ పట్టణములో తొమ్మండుగురు నల్లజాతి విద్యార్థులు బడిలో అడుగు పెట్టుటకు ఫెడరల్ సైన్యము రావలసి వచ్చినది. అడ్డుపడినది ఆ రాష్ట్రపు గవర్నరే. దగ్గరి ప్రభుత్వము దగ్గరిదగుట చేతనే దయ గలదని అనుకొనుట అమాయకత్వము. 2015లో పదునాలుగవ ఆర్థిక సంఘము సిఫారసుపై రాష్ట్రములకు పంచు పన్నుల వాటా 32 శాతము నుండి 42 శాతమునకు పెరిగినది. అదే అదనుగా కేంద్రము బడి పథకములో తన వంతును 65 నుండి 60కి తగ్గించినది. ఇంత విడి సొమ్ము ఇచ్చితిమి, ఇక మీ వంతు మీరు వేయుడని అది అనుటలో కొంత న్యాయము లేకపోలేదు. విడి సొమ్ము వచ్చిన రాష్ట్రములన్నియు దానిని బడులకే వెచ్చించెనని ఎవరును ప్రమాణము చేయలేరు.

షరతు పెట్టుటయే తప్పని ఇక్కడి వాదము కాదు. సొమ్ము బిడ్డకు చేరుటకై పెట్టు షరతు ఒకటి: హాజరు లెక్క, పద్దుల తనిఖీ, ఆడపిల్లలకు వేరు మరుగుదొడ్డి. సొమ్మును సాకుగా చేసికొని మరియొక సంగతిని సాధించుకొనుటకు పెట్టు షరతు వేరొకటి. ఈ భేదమునకు దృష్టాంతము దూరము పోయి వెదకనక్కరలేదు. 2022 సెప్టెంబరులో కేంద్రము పీఎం శ్రీ అను పథకమును ఆమోదించినది: 14,500 బడులు, అయిదేండ్లకు 27,360 కోట్ల రూపాయలు. అందులో చేరదలచిన రాష్ట్రము 2020 నాటి జాతీయ విద్యావిధానమును పూర్తిగా అమలు జరుపుదునని ఒప్పందము వ్రాసి ఇయ్యవలెను. తమిళనాడు, కేరళ, పశ్చిమ బెంగాల్ 2024 నాటికి సంతకము చేయలేదు. తదుపరి వాటికి ఆగినది పీఎం శ్రీ సొమ్ము మాత్రమే కాదు, సమగ్ర శిక్షా సొమ్ము కూడ. 2024-25కు రావలసిన 2,152 కోట్లు నిలిపివేసిరని తమిళనాడు 2025 మే నెలలో సుప్రీంకోర్టునకు పోయినది. ప్రైవేటు బడులలో పేద పిల్లలకు చట్టము కేటాయించిన 25 శాతము స్థానములకు ఆ రాష్ట్రములో ఆ ఏడు ప్రవేశములు సకాలమున మొదలు కాలేదు. విద్యాహక్కు చట్టము క్రింద ఇయ్యవలసినదానిని వేరు పథకముతో ముడిపెట్టనక్కరలేదని మద్రాసు హైకోర్టు ఆ సంవత్సరమే అభిప్రాయపడినది.

కేంద్రపు వాదమును పూర్తిగా వినవలెను. సమగ్ర శిక్షా పథకము కూడ ఆ విద్యావిధానమునకు అనుగుణముగనే దిద్దబడినదనియు, సొమ్ము తీసికొని విధానమును నిరాకరించుట పొసగదనియు అది అనును. విధానము మంచిదా చెడ్డదా అన్నది ఈ వ్యాసపు విషయము కాదు. అది మిక్కిలి మంచిదే అనుకొన్నను ప్రశ్న మారదు. సంతకము చేయనివాడు మంత్రి. దండన పొందినది అయిదవ తరగతి. రాజ్యాంగములోని 131వ అధికరణము క్రింద నడచు వ్యాజ్యములో కేంద్రము, రాష్ట్రము మాత్రమే కక్షిదారులు. ఎవరి చదువును గూర్చి తగవో ఆ బిడ్డకు ఆ కోర్టు గదిలో పీట లేదు. రాష్ట్రము నిజముగనే తప్పు చేసినదనుకొన్నను, దానిని సరిదిద్దుటకు వేరు మార్గములు కలవు. తప్పిన అధికారిని శిక్షింపవచ్చును. రాష్ట్రమునకు రావలసిన మరియొక బాకీలో మినహాయించుకొనవచ్చును. తండ్రి పన్ను ఎగవేసినాడని బిడ్డకు పాలు ఆపు న్యాయము ఏ స్మృతిలోను కానరాదు.

రాష్ట్రముల పాపము వేరొక చోట కనిపించును. ఆ చోటు పేరు పారా-టీచరు. శాశ్వతోపాధ్యాయుని నియమించినచో జీతము, పింఛను రాష్ట్రపు మెడకు చుట్టుకొనును. పథకపు సొమ్ముతో గౌరవవేతనమునకు మనిషిని పెట్టుకొనినచో ఏ చిక్కును లేదు. ఝార్ఖండ్‌లో ఇట్టివారు అరవై వేలకు పైగా ఉండిరి. అడవి పల్లెలలో పెక్కు బడులు వారి మీదనే నిలిచినవి. జీతము పెంచుమని కేంద్రమును అడిగినచో వారు రాష్ట్రపు మనుషులనును. రాష్ట్రమును అడిగినచో వారు పథకపు మనుషులనును. పథకమునకు ముఖము లేదు, దానిని అడుగుటకు లేదు. 2018 నవంబరు 15న రాంచీలో రాష్ట్రావతరణోత్సవము జరుగుచుండగా వారు తమ గోడు వినిపింపబోయి లాఠీ దెబ్బలు తినిరి. తరువాత వారి పేరు సహాయక అధ్యాపకులని మార్చి, వేతనమునకు కొన్ని నియమములు ఏర్పరచిరి. పేరు మారుట కొంత గౌరవమే. అయినను ఇరువది సంవత్సరములు అదే బడిలో అదే పలక మీద అక్షరములు దిద్దించిన మనిషి తాను ఎవరి ఉద్యోగియో చెప్పలేకపోవుట ఉమ్మడి బాధ్యత అను మాటకు వ్యాఖ్యానమువంటిది.

ఉమ్మడి బాధ్యత సక్రమముగ నడచుటకు ప్రాచీనులు దానమను భావము మీద గాక ఋణమను భావము మీద ఆధారపడిరి. మనుష్యుడు పుట్టుటతోనే ఋషులకును, దేవతలకును, పితరులకును ఋణపడి పుట్టునని బ్రాహ్మణ గ్రంథములు చెప్పును. ఋషిఋణము చదువుట చేతను, చదివించుట చేతను తీరును. ఆ చదువు అందరికి అందలేదన్నది వేరు సంగతి, చిన్న సంగతి కాదు. కాని ఆ భావములోని బిగువు గమనింపదగినది. ఋణము తీర్చువాడు అప్పులవానికి షరతులు చెప్పడు. ఇద్దరు అన్నదమ్ములు ఉమ్మడిగా అప్పు పడినప్పుడు, నీవు ముందు ఇయ్యి, నేను తరువాత ఇత్తునని వారు తమలో తాము వాదించుకొనవచ్చును. అప్పు ఇచ్చినవాడు మాత్రము అంతదాక వాకిట నిలువనక్కరలేదు, ఎవరి చేతినుండియైనను మొత్తము రాబట్టుకొనును.

ఇది కేవలము పురాణపు మాటగా తోచినచో రాజ్యాంగములోని 112వ అధికరణమును తెరచి చూడవచ్చును. కొన్ని వ్యయములు సంచిత నిధిపై నేరుగా భారముగ నిలుచునని అందును, వాటిని పార్లమెంటు చర్చింపవచ్చును గాని వోటుకు పెట్టదని తరువాతి 113వ అధికరణమునందును ఉన్నది: రాష్ట్రపతి వేతనము, సుప్రీంకోర్టు న్యాయమూర్తుల జీతములు, ప్రభుత్వము చేసిన అప్పులపై వడ్డీ. న్యాయమూర్తి జీతము ఏ ఒప్పందముపై సంతకమునకును వేచి ఉండరాదని తలచిరి. అప్పిచ్చినవాని వడ్డీ ఏ పక్షపు అలుకకును ఆగరాదని తలచిరి. విద్యాహక్కు చట్టము క్రింద కేంద్రము చెల్లింపవలసిన వంతును ఈ వరుసలో చేర్చుటకు రాజ్యాంగములో అడ్డులేదు. అట్టి వ్యయములను పార్లమెంటు చట్టము ద్వారా చేర్చవచ్చునని 112వ అధికరణమే అనుమతించినది. రాష్ట్రపు వంతుకు 202వ అధికరణములో ఇట్టి మార్గమే కలదు. శాసనసభల పట్టు సడలునని ఒక ఆక్షేపణ రావచ్చును; అది తేలికయైనది కాదు, ఏలనన వోటుకు రాని ఖర్చు ఎంత పెరిగిన ప్రజాప్రతినిధుల మాట అంత తరుగును. అయినను ఇప్పటి పద్ధతిలో ఆ సొమ్మును ఆపుచున్నది శాసనసభలు కావు. సభ వోటు వేసి మంజూరు చేసిన సొమ్మే కార్యాలయములో ఒక సంతకము లేక ఆగుచున్నది.